పీపాలో మాగిన స్టౌట్: మన ఎండల్లో, మన తీపి వంటలతో రుచి చూసే తీరు

అమెరికా నుంచి వచ్చే చుట్టాల పెట్టెల్లో ఈ మధ్య విస్కీతో పాటు మూతికి మైనం ముంచిన నల్ల సీసా ఒకటి కనిపిస్తోంది. దాని మీద 'బోర్బన్ బారెల్ ఏజ్డ్ ఇంపీరియల్ స్టౌట్' అని ఉంటుంది, ఆల్కహాల్ 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో మామూలు వైన్ షాపులో దొరికే సరుకు కాదు కాబట్టి ఎలా తాగాలో చెప్పేవాళ్లూ తక్కువే. అందుకే దాన్నీ మామూలు బీరు లెక్కనే చూస్తారు. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టే దాకా చల్లబరిచి, స్టీలు గ్లాసుల నిండా పోసి, మిర్చి బజ్జీలు పక్కన పెట్టుకుంటారు. రెండు గుక్కలకే 'కషాయం లాగుంది' అని దించేస్తారు. సీసాలో వెనీలా, కొబ్బరి, ముదురు పాకం, ఖర్జూరం అన్నీ ఉన్నాయి. అంత చలిలో అవేవీ పైకి రాలేదు, మిరపకాయ మంట మిగిలిన నోటికి అవి అందలేదు.

దీన్ని బీరు అనుకోకుండా నలుగురు పంచుకునే తీపి వంటకం అనుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఉష్ణోగ్రత.

ఇందులో ఏముంటుంది

స్టౌట్ అంటే బాగా వేయించిన బార్లీతో కాచే నల్ల బీరు. 18వ శతాబ్దంలో లండన్ బ్రూవరీలు రష్యా రాజదర్బారుకు పంపిన గాఢమైన రకానికి తర్వాత 'ఇంపీరియల్' అన్న పేరు స్థిరపడింది. దాన్ని బోర్బన్ విస్కీ పీపాల్లో మాగబెట్టే పద్ధతికి 1990లలో చికాగోలోని గూస్ ఐలండ్ బ్రూవరీ పేరు తెచ్చింది. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. సుమారు 200 లీటర్లు పట్టే ఆ పాత పీపాలే బీరు కాచేవాళ్ల చేతికి వస్తాయి. స్టౌట్ వాటిలో ఆరు నెలలో, ఏడాదో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువో ఉంటుంది.

ఆ చెక్క ఇచ్చేవి ముఖ్యంగా నాలుగు. కాలిన చెక్కలోని లిగ్నిన్ నుంచి వెనీలా వాసన, ఓక్ లాక్టోన్ నుంచి కొబ్బరి వాసన (పచ్చి కొబ్బరి కాదు, అచ్చం కుడుకదే), యూజినాల్ నుంచి లవంగం, చెక్కలోని చక్కెరలు వేడికి మారగా కారమెల్. చెక్క పీల్చుకున్న విస్కీ కూడా కొంత బీరులోకి దిగుతుంది కాబట్టి పీపాలోంచి తీసేసరికి ఆల్కహాల్ కొంచెం పెరుగుతుంది.

వీటిలోనే 'పేస్ట్రీ స్టౌట్' అనే రకం ఉంది. అందులో వెనీలా కాయలు, కోకో, కాఫీ, కొబ్బరి, దాల్చినచెక్క, పాల చక్కెర అయిన లాక్టోజ్ విడిగా కలుపుతారు. బీరు ఈస్ట్ లాక్టోజ్‌ను పులియబెట్టలేదు కాబట్టి ఆ తీపి చివరి దాకా నిలుస్తుంది. పాలు పడనివాళ్లు, పల్లీలు, బాదం లాంటివి పడనివాళ్లు లేబుల్ చదవకుండా గ్లాసు పట్టుకోవద్దు.

లేబుల్ మీద తేదీ చదవడంలో చాలామంది పొరపడతారు. అమెరికాలో నెల ముందు రాస్తారు. 03/11/24 అని ఉంటే అది మార్చి 11, నవంబర్ 3 కాదు. ఎనిమిది నెలల తేడా ఈ బీరులో చిన్నది కాదు. కాఫీ, వెనీలా కలిపినవైతే కొన్ని నెలల్లోనే ఆ వాసనలు పలచబడతాయి, కాఫీ పచ్చి క్యాప్సికం వాసనకు తిరుగుతుంది. వాటిని దాచవద్దు. ఏమీ కలపని పీపా స్టౌట్ అయితే రెండు మూడేళ్లు ఉంటుంది, కానీ 12, 13 డిగ్రీల చీకట్లో ఉంటేనే. మన ఇళ్లలో అలాంటి చోటు లేదు. ఏప్రిల్, మే నెలల్లో వంటగది అటక మీద 40 డిగ్రీలు ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన కొద్దీ బీరు పాడయ్యే రసాయన చర్యల వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది. ఒక్క ఎండాకాలం అటక మీద గడిపిన సీసా ఏళ్ల ముసలిదైపోతుంది. ఫ్రిజ్ అడుగున, కూరగాయల డబ్బా పక్కన, నిలువుగా పెట్టండి. తలుపు అరలో వద్దు, తెరిచినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది.

విమానంలో వచ్చిన సీసాను ఆ రాత్రే తెరవవద్దు. అడుగున ఉండాల్సిన మడ్డి అంతా కలిసిపోయి ఉంటుంది. కనీసం నాలుగైదు రోజులు కదపకుండా నిలబెట్టండి.

ఉష్ణోగ్రత: విదేశీ లెక్కలు మన గదికి కుదరవు

ఇంగ్లిష్ గైడ్లన్నీ 'ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట, ముప్పావుగంట ఆగండి' అంటాయి. ఆ లెక్క 20 డిగ్రీల గదికి. మే నెలలో వరంగల్ ఇంట్లో గది 36, 38 డిగ్రీలు ఉంటే 330 మిల్లీలీటర్ల సీసా 4 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకు రావడానికి పావుగంట చాలు. గ్లాసులో పోసిన 100 మిల్లీలీటర్లు ఫ్యాన్ గాలికి మరో పావుగంటలో 20 డిగ్రీలు దాటుతాయి. అరగంట ఆగితే సీసా తెరిచేసరికే మంచి సమయం జారిపోతుంది.

చలి ఎక్కువైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఫ్రిజ్‌లో పెట్టిన పాయసం చాలు. చల్లగా తింటే తీపి తగ్గినట్టుంటుంది, అదే గిన్నె వెచ్చబెడితే తీపి లేచి వస్తుంది. చలిలో నాలుకకు తీపి సరిగా అందదు, వాసనలు ఆవిరై ముక్కు దాకా రావు, చేదు మాత్రం మిగులుతుంది. వేడి ఎక్కువైతే తంటా ఇంకో వైపు నుంచి వస్తుంది: ఆల్కహాల్ ఆవిరి ముక్కును కుట్టి వెనీలాను, కొబ్బరిని మూసేస్తుంది, తీపి వెగటవుతుంది. ఈ స్టౌట్‌ను 10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 13 నుంచి 16 మధ్య ఎక్కువసేపు గడిపి, 18 దగ్గర ముగించాలి.

దానికి సులువైన పద్ధతి ఇది. సీసా సగం మునిగేంత లోతైన స్టీలు గిన్నెలో ఫ్రిజ్ నీళ్లు, కుళాయి నీళ్లు కలిపి 12 డిగ్రీలకు తేవాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే సరే. లేకపోతే రంజన్ నీళ్ల కంటే బాగా చల్లగా, నోట్లో పోసుకుంటే పళ్లు జివ్వుమనకుండా ఉండాలి. సీసాను అందులో పదిహేను నిమిషాలు నిలబెట్టండి. తెరిచాక మీ వంతులో సగమే గ్లాసులో పోసుకుని, మూతి మీద చిన్న గిన్నె బోర్లించి, సీసాను మళ్లీ ఆ నీళ్లలోనే పెట్టండి. నీళ్లు వెచ్చబడితే రెండు ఐసు ముక్కలు నీళ్లలో వేయండి, గ్లాసులో మాత్రం కాదు. గ్లాసులో ఐసు కరిగితే ఒళ్లు, అంటే చిక్కదనం, పలచబడి స్టౌట్ చారులా అయిపోతుంది.

అసలు మంచి కాలం చలికాలమే. డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా రాత్రిపూట గది 22, 24 డిగ్రీలు ఉంటుంది, గ్లాసు నెమ్మదిగా వెచ్చబడుతుంది, ఇంట్లో అరిసెలు, గరిజెలు కూడా ఉంటాయి.

గ్లాసు, మూత, పోయడం

కడుపు వెడల్పుగా, మూతి లోపలికి ముడుచుకున్న బ్రాందీ గ్లాసు కావాలి. అది లేకపోతే వైన్ గ్లాసు. గిన్నెల సబ్బు నిమ్మవాసన గ్లాసుకు పట్టుకుంటే అరగంట వదలదు కాబట్టి వేడినీళ్లతో రెండుసార్లు కడిగి బోర్లించి గాలికి ఆరనివ్వండి. వంటింటి తువ్వాలతో తుడవకండి, దానికి పోపు వాసన ఉంటుంది. గదిలో అగరుబత్తి, దోమల చక్రం, రూమ్ ఫ్రెషనర్ ఏవీ వద్దు. చింతపండు పులుసు తాలింపు పెట్టిన పావుగంటకే కూర్చుంటే మీరు వాసన చూసేది ఎల్లిపాయదే.

మైనం ఉన్న మూతను చాలామంది గోర్లతో గోకుతారు, లైటర్‌తో వేడిచేస్తారు. రెండూ వద్దు. మూత అంచు కిందగా చిన్న చాకుతో చుట్టూ ఒక గాటు పెట్టి, ఓపెనర్‌ను మైనం మీదనే నొక్కి ఎత్తండి. పెళుసు మైనమైతే ముక్కలు మూతి చుట్టూ రాలతాయి, తడిగుడ్డతో తుడిచాకే పోయాలి.

గ్లాసును వంచి, గోడ వెంట నెమ్మదిగా పోస్తూ చివర్లో నిటారుగా తేవాలి. వేలు మందం నురగ వస్తే చాలు. అది చాయ్ రంగులో ఉంటుంది, రెండు నిమిషాల్లో పోతుంది. ఆల్కహాల్ ఎక్కువున్నచోట నురగ నిలవదు, దాన్ని లోపం అనుకోవద్దు. అడుగున వేలెడు బీరు సీసాలోనే వదిలేయండి, మడ్డి అందులోనే ఉంటుంది. గ్లాసును వంచి తిప్పితే గోడకు అంటిన పొర లేత పాకంలా నింపాదిగా జారాలి. గబుక్కున నీళ్లలా జారిపోతే ఒళ్లు తక్కువ.

మనిషికి 100 మిల్లీలీటర్లు. 330 సీసా ముగ్గురికి, 650 సీసా ఆరుగురికి. పిసినారితనం కాదిది, లెక్క చూడండి: 13 శాతం ఉన్న 100 మిల్లీలీటర్లలో 13 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గుతో సమానం. 650 సీసా ఒక్కరే తాగితే ఆరు పెగ్గులు దాటినట్టు. మన దగ్గర అమ్మే స్ట్రాంగ్ బీరు 8 శాతం మించదు, ఆ అలవాటుతో సీసా లెక్కన తాగితే తల తిరిగాక గానీ తెలియదు, ఎందుకంటే తీపి ఆల్కహాల్‌ను దాచేస్తుంది. రుచి పరంగానూ అంతే. 150 మిల్లీలీటర్లు దాటితే నాలుక అలసిపోయి అన్నీ ఒక్కలాగే అనిపిస్తాయి. తాగాక బండి ముట్టుకోవద్దు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ఊరుకోదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం లేదు. గర్భిణులు, ఆల్కహాల్ పడని మందులు వాడేవాళ్లు వాసన చూసి ఆగిపోవడం మేలు.

ముక్కుతో మొదలు

గ్లాసును ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుని ఒక చిన్న పీల్పు. తర్వాత దగ్గరికి తెచ్చి, నోరు కొంచెం తెరిచి, కుక్కపిల్ల లాగా పొట్టి పొట్టిగా మూడు నాలుగు పీల్పులు. గట్టిగా లోపలికి లాగితే ఆల్కహాల్ ముక్కును మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత రెండు నిమిషాలు ఏదీ తెలియదు. గ్లాసును గిరగిరా తిప్పితే కూడా అదే జరుగుతుంది. ఒక్క చుట్టు చాలు.

ఏ వాసనో పేరు పెట్టడానికి విదేశీ మాటలు వెతకనక్కర్లేదు, మన వంటిల్లే చాలు. అరిసెలకు బెల్లం పాకం పట్టేటప్పుడు, నీళ్లలో వేస్తే ఉండకట్టే దగ్గర ఒక వాసన ఉంటుంది. దించకుండా ఇంకో రెండు నిమిషాలు ఉంచితే చిరుచేదు ఎక్కిన ముదురు వాసన వస్తుంది. చాలాసేపు కాచిన స్టౌట్‌లో దొరికేది ఈ రెండోది. పెనం మీద జొన్న రొట్టెకు పడే నల్లమచ్చల వాసన, వేయించిన బార్లీది. అది మాడిన పల్లీల దాకా పోతే బార్లీ ఎక్కువ వేగిందని అర్థం. ఖర్జూరం, ఎండుద్రాక్ష తేలిగ్గానే పట్టుకుంటారు. ఏటూరునాగారం, ఉట్నూరు వైపువాళ్లకైతే ఎండిన ఇప్పపువ్వు ఇంకా దగ్గరి పోలిక. పీపా నుంచి వచ్చినదైతే కుడుక, లవంగం, కొత్తగా చిత్రిక పట్టిన చెక్క.

మొదటి గుక్కతో తీర్పు చెప్పవద్దు, అది నోటిని సిద్ధం చేయడానికే. రెండో గుక్క చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు. నాలుక మీద అటూ ఇటూ ఐదు సెకన్లు తిప్పి మింగండి. మింగిన వెంటనే నోరు మూసి ముక్కు గుండా గాలి వదలండి. ఎక్కువ రుచి తెలిసేది ఈ క్షణంలోనే. గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కే గాలిలో కోకో, వెనీలా విడివిడిగా నిలబడతాయి. మళ్లీ గుక్క వేయడానికి ముందు ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో నోట్లో ఏది మిగిలిందో చూసుకోండి. మంచి స్టౌట్‌లో తీపి ముందు తగ్గి, వేపుడు చేదు, పాకం చాలాసేపు నిలుస్తాయి.

ఉగాది పచ్చడి గుక్కలో వేపపువ్వు చేదు, చింతపండు పులుపు, బెల్లం తీపి కలిసే వచ్చినా నాలుక వేటికవి విడదీస్తుంది. ఇక్కడ విడదీయాల్సినవి తీపి, చేదు, ఒగరు, ఆల్కహాల్ మంట. ఈ నాలుగింటిలో ఏదీ మిగతావాటిని తొక్కేయకపోతే బీరు కుదిరినట్టు. ముఖ్యంగా ఒగరును పట్టుకోవడం నేర్చుకోండి. పీపా చెక్క నుంచి వచ్చిన వెనీలాతో పాటు చిగుళ్లు కొంచెం ముడుచుకునే ఒగరు వస్తుంది, నేరేడుపండు తిన్నాక ఉన్నట్టు. విడిగా కలిపిన వెనీలా అయితే ముందే గుప్పుమని ఐస్‌క్రీమ్ లాగా వచ్చి, ఒగరు లేకుండా వెళ్లిపోతుంది. సీసా మీద ఎన్ని పేర్లు రాసినా ఏది పీపా పనో, ఏది డబ్బాలోంచి కలిపినదో ఇలా తేలిపోతుంది.

ఇదంతా మూడుసార్లు చేయాలి: పోయగానే, కొంచెం వెచ్చబడ్డాక, ఇంకొంచెం వెచ్చబడ్డాక. చలికాలం అయితే మధ్యలో పదిహేను నిమిషాలు, మేలో అయితే ఐదారు నిమిషాలు. ప్రతిసారీ రెండు మాటలు కాగితం మీద రాసుకోండి. మొదటి వరుసలో కాఫీ, చేదు ఉంటాయి, రెండో వరుసలో కుడుక, పాకం దిగుతాయి, మూడోదానిలో ఎండుపండ్లు, విస్కీ వస్తాయి. మూడూ ఒకేలా ఉంటే మాత్రం బీరులో లోతు లేనట్టే.

గుక్కల మధ్య నోరు కడగడానికి ఫ్రిజ్ నీళ్లు వద్దు, గది నీళ్లు. ఉప్పు లేని మరమరాలో, చల్లారిన జొన్న రొట్టె తునకో నమిలితే నాలుక మళ్లీ తేటపడుతుంది.

ఏ తీపి వంటతో

సూత్రం ఒక్కటే: పక్కన పెట్టే తీపి బీరు కంటే తియ్యగా ఉండకూడదు. ఉంటే బీరులోని తీపి మాయమై చేదు మాత్రమే నాలుకకు తగులుతుంది. డబుల్ కా మీఠా ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఎంత ఇష్టమైనా ఈ స్టౌట్ పక్కన పెట్టకండి.

నువ్వులద్దిన అరిసె అన్నిటికంటే బాగా కుదురుతుంది. బెల్లం తీపి చక్కెరంత పదునుగా ఉండదు, నువ్వుల వేపుడు వాసన బార్లీ వేపుడుతో కలిసిపోతుంది. ఒక అరిసెను ఆరు తునకలు చేసి, ముందు బీరు, తర్వాత తునక, మళ్లీ బీరు. నెయ్యి, నూనె నాలుక మీద పొరలా నిలుస్తాయి కాబట్టి అరిసెను ముందుగా రెండు పళ్లేల మధ్య వత్తి నూనె తీసేయండి. నువ్వుల ముద్దలు, మలీద కూడా మంచివే. గరిజెల్లో పల్లిపొడి, బెల్లం పెట్టినవి కుదురుతాయి, చక్కెర పెట్టినవి కుదరవు. చాక్లెట్ అంటే 50, 55 శాతం కోకో ఉన్నది తీసుకోండి, 70 శాతానికి పోతే చేదు మీద చేదు పడుతుంది.

ఉప్పు చల్లిన వేయించిన పల్లీలను తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పు చేదును అణచివేస్తుంది, తీపి పైకి వస్తుంది. చేదు ఎక్కువైన సీసా దొరికితే ఇదే మందు. సకినాలు అలాగే పనిచేస్తాయనుకుంటాం గానీ వాము వాసన నోట్లో పాతుకుపోయి వెనీలాను మింగేస్తుంది. వాము లేకుండా చేసినవైతే పర్లేదు. సర్వపిండి, మిర్చి బజ్జీ, పచ్చిమిర్చి తగిలిన ఏదైనా రుచి చూడటం పూర్తయ్యాకే. మిరప కారం తగిలే నరాల కొసలనే ఆల్కహాల్ కూడా రేపుతుంది, రెండూ కలిస్తే 13 శాతం బీరు 40 శాతం విస్కీ లాగా మండుతుంది. పాన్, జర్దా వేసుకున్నవాళ్లు కనీసం గంట ఆగాలి.

తేడా చేసిన సీసా

పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి సాయంత్రానికి పులుస్తుంది కదా. పీపా చెక్కలో దాగిన లాక్టిక్ బాక్టీరియా స్టౌట్‌ను కూడా అలాగే పులియబెడుతుంది. సన్నటి, పెరుగులాంటి పులుపు అదే. ముక్కులో గుచ్చే వెనిగర్ వాసన వస్తే పీపాలోకి గాలి దూరింది. కదపకుండా, చల్లగా ఉంచిన సీసా మూత తీయగానే పొంగిపోతే లోపల ఇంకా ఏదో పులుస్తోందని అర్థం, అలాంటి సీసాను సింకులో పెట్టి తెరవండి. తడిసిన అట్టపెట్టె వాసన ఆక్సిజన్ పని. ఫ్రైడ్ రైస్ బండి దగ్గరి సోయా సాస్ వాసన అయితే వేడిలో ఎక్కువ కాలం ఉండి, అడుగున చచ్చిన ఈస్ట్ కరిగిందని. నెయిల్ పాలిష్ వాసన, గొంతులో కోసినట్టు మంట ఉంటే పులియబెట్టేటప్పుడే వేడి అదుపు తప్పింది. దాన్ని ఎన్నేళ్లు దాచినా బాగుపడదు. పాప్‌కార్న్ వెన్న వాసన లీలగా ఉంటే ఓర్చుకోవచ్చు, అదే ముందు వస్తే కాచడంలో తొందరపడ్డారు. షెర్రీ వైన్ లాంటి, కొంచెం పాతబడిన ఎండుపండ్ల వాసన మాత్రం లోపం కాదు. మూడేళ్ల సీసాలో అది ఉండాల్సిందే, కొందరు దానికోసమే దాస్తారు.

వీటిలో ఏదైనా తగిలితే వెంటనే సీసాను నిందించకుండా రెండో గ్లాసులో పోసి చూడండి. ఒక్కోసారి ఆ వాసన గ్లాసుదో, దాన్ని పెట్టిన చెక్క బీరువాదో అయి ఉంటుంది.

మిగిలితే

మూత తీసిన సీసా మర్నాటికి నిలవదు, గ్యాస్ పోయి గాలి తగులుతుంది. మిగిలినదాన్ని చిక్కబడే దాకా మరిగించి పాకం చేద్దామనుకోవద్దు, నీళ్లు పోయిన కొద్దీ చేదు గడ్డకట్టి నోట పెట్టలేం. ఒక గుండ్రం వెనీలా ఐస్‌క్రీమ్ మీద రెండు పెద్ద చెంచాలు పోసి, పైన నాలుగు ఉప్పు పల్లీలు నలిపి వేయండి. మరిగించలేదు కాబట్టి ఆల్కహాల్ అంతా అందులోనే ఉంటుంది, ఆ గిన్నెను పిల్లలకు అందకుండా పెట్టండి.